పీటర్ సాల్ చిత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో బొమ్మలు వేసేవారికి, బొమ్మలు చూడటం ఇష్టమైనవారికి అమెరికా చిత్రకారుడు పీటర్ సాల్ పనిని పరిచయం చేస్తూ ఉంటాను. తెర మీద బొమ్మ పడగానే ముందు నవ్వులు వినిపిస్తాయి. కాసేపటికి అవి ఆగిపోతాయి. ఆ తరువాత ప్రశ్నలు మొదలవుతాయి. కొన్ని కోపంతో అడిగేవి, కొన్ని కుతూహలంతో అడిగేవి. మళ్లీ మళ్లీ ఎదురయ్యే వాటికి నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

పీటర్ సాల్ ఎవరు?

1934లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. అక్కడి కళాశాలలో కొంతకాలం, తరువాత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదువుకున్నారు. 1956లో యూరప్ వెళ్లి హాలండ్, పారిస్, రోమ్‌లలో ఎనిమిదేళ్లు గడిపారు. 1964లో కాలిఫోర్నియాకు తిరిగి వచ్చారు. 1981 నుంచి 2000 వరకు ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

వియత్నాం యుద్ధం, జాతివివక్ష, మరణశిక్ష, డబ్బు, అధ్యక్షుల అహంకారం ఆయన వస్తువులు. రబ్బరులా సాగిపోయే శరీరాలు, ఉబ్బిన కళ్లు, వేలాడే నాలుకలు, కళ్లు చెదిరే గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగులు ఆయన భాష. న్యూయార్క్‌లోని ఒక మ్యూజియం ఆయన జీవితకాలపు పనిని తొలిసారి సమగ్రంగా చూపించింది 2020లో. అది న్యూ మ్యూజియం, ప్రదర్శన పేరు 'క్రైమ్ అండ్ పనిష్‌మెంట్'. అప్పటికి ఆయన వయసు 85 ఏళ్లు. అరవై ఏళ్లుగా ఆగకుండా పనిచేస్తున్న మనిషికి ఆ నగరం అంత ఆలస్యంగా తలుపు తెరవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అమ్ముడుపోవడానికో, గోడకు అందం తేవడానికో వేసిన బొమ్మలు కావు అవి. ఇంట్లో పెట్టుకుంటే భోజనాల బల్ల దగ్గర కూర్చున్న అతిథి ముద్ద మింగలేడు.

ఆ కార్టూన్ పోకడ ఎక్కడి నుంచి వచ్చింది?

చిన్నప్పుడు చదివిన నేరకథల కామిక్ పుస్తకాల నుంచి కొంత, 'మ్యాడ్' పత్రిక నుంచి మరికొంత. 1952లో న్యూయార్క్‌లో మొదలైన ఆ హాస్యపత్రిక అమెరికా ప్రకటనలను, సినిమాలను, నాయకులను ఎండగట్టేది. సాల్ దాన్ని 1950ల చివర్లో చూసింది పారిస్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో. స్వదేశంలో ఉండి ఉంటే అది రోజూ కళ్లముందు తిరిగే సరుకుల్లో ఒకటిగా మిగిలిపోయేదని నాకనిపిస్తుంది. దేశానికి దూరంగా ఉన్నవాడికి తన దేశం ఏం తింటోందో, ఏం కొంటోందో, దేన్ని చూసి నవ్వుతోందో ఆ పుటల్లో ఒక్కసారిగా కనిపించింది.

1960 ప్రాంతంలో ఆయన ఫ్రిజ్‌ల బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. తలుపు తెరిచి ఉంటుంది. లోపల తిండిపదార్థాలు, వాడుక వస్తువులు, ఆయుధాలు, మనిషి అవయవాలు ఒకదాని మీద ఒకటి కుక్కి ఉంటాయి. అప్పటికింకా ఆ కాలపు నైరూప్య (గుర్తుపట్టే రూపాలు లేని) చిత్రకారుల్లాగా కుంచెను విసురుగా తిప్పే అలవాటు పోలేదు. గీత గట్టిపడి, రంగు నునుపుదేలి, బొమ్మ పూర్తిగా ఆయనదైంది 1960ల నడుమన. పారిస్‌లో ఉన్నప్పుడే చిలీ చిత్రకారుడు మాట్టా ద్వారా షికాగో గ్యాలరీ యజమాని అలన్ ఫ్రమ్‌కిన్‌తో పరిచయం కుదిరింది. 1961లో ఆ గ్యాలరీలోనే తొలి సొంత ప్రదర్శన జరిగింది.

అయితే ఆయన పాప్ ఆర్ట్ చిత్రకారుడే కదా?

పాప్ ఆర్ట్ అంటే కామిక్కులు, ప్రకటనలు, సరుకుల బొమ్మలను చిత్రకళలోకి తెచ్చిన 1960ల ధోరణి. కాలం అదే. కామిక్కులు, సరుకులు వాడుకోవడమూ అదే. అందుకే చాలా పుస్తకాలు ఆయన్ను ఆ గుంపులో చేరుస్తాయి. కానీ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పాప్ చిత్రకారుడు లిక్టెన్‌స్టైన్ 1961లో మిక్కీమౌస్‌ను, డోనాల్డ్ డక్‌ను వేసినప్పుడు అచ్చుపుటను తీసుకొచ్చి క్యాన్వాసు మీద శుభ్రంగా నిలబెట్టారు. మరో పాప్ చిత్రకారుడు వార్హోల్ 1962లో సూప్ డబ్బాలను వరుసగా పేర్చారు. ఇద్దరూ ఏ అభిప్రాయమూ పైకి తేలకుండా జాగ్రత్తపడ్డారు. సాల్‌కు ఆ చల్లదనం లేదు. 1963లో ఆయన సూపర్‌మాన్‌ను జైల్లో పెట్టారు. మార్సెల్ ద్యుషాం 1912లో మెట్లు దిగే నగ్నమూర్తిని వేసి చిత్రకళ చరిత్రలో నిలిచిపోతే, 1979లో సాల్ అవే మెట్ల మీద డోనాల్డ్ డక్‌ను దించారు. ఆయన చేతిలో కార్టూన్ పాత్రకు చెమట పడుతుంది, నెత్తురు కారుతుంది.

'సైగాన్' చిత్రంలో ఏముంది? దాని గురించే ఎందుకంత చర్చ?

1967లో వేసిన చిత్రం అది. సైగాన్ అప్పటి దక్షిణ వియత్నాం రాజధాని. దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తు, పన్నెండు అడుగుల వెడల్పు. ఇప్పుడు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఉంది. దూరం నుంచి చూస్తే రంగుల తిరునాళ్లలా ఉంటుంది: మెలికలు తిరిగిన గొట్టాలు, పసుపు, ఎరుపు, నీలం. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ గొట్టాలు చేతులని, కాళ్లని తెలుస్తుంది. అమెరికా సైనికులు వియత్నాం స్త్రీలను హింసిస్తున్నారు, చెరుస్తున్నారు. ఎవరి అవయవం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకోవడానికి కన్ను గీత వెంట నడవాలి. అలా నడుస్తున్న కన్ను తాను ఏమి చూస్తోందో తప్పించుకోలేదు.

చైనా లిపిని తలపించే అక్షరాలతో చిత్రం మీద ఒక వాక్యం రాసి ఉంది. సైగాన్ ప్రజలను తెల్ల కుర్రాళ్లు హింసిస్తున్నారు, అత్యాచారం చేస్తున్నారు అని దాని భావం. దాని తరువాత ఇది 'హై క్లాస్' రూపం అని మరో మాట. ఆ చివరి మాట నన్ను చాలాకాలం వేధించింది. నాకు అర్థమైనంతవరకు అది చూసేవారి గురించి. ఈ ఘోరం ఇప్పుడు నునుపైన రంగుల్లో, పెద్ద క్యాన్వాసు మీద, డబ్బున్నవారు తిరిగే గదిలో వేలాడబోతోందని చిత్రకారుడికి ముందే తెలుసు. ఆ సంగతి బొమ్మ మీదే రాసి పెట్టారు.

తేదీలు గమనించండి. మై లై గ్రామంలో అమెరికా సైనికులు వందల మంది పౌరులను చంపింది 1968 మార్చిలో. ఆ వార్త ప్రపంచానికి తెలిసింది 1969 నవంబరులో. సాల్ ఈ చిత్రాన్ని అంతకుముందే వేశారు. ఎవరో తీసిన ఫొటో, ఎవరో బయటపెట్టిన నివేదిక ఆయన చేతిలో లేవు. యుద్ధానికి పంపిన కుర్రాళ్లను దేశమంతా వీరులుగా చూడమంటున్నప్పుడు, ఆ వీరత్వం కింద ఏం జరుగుతుందో ఆయన వేసి చూపించారు. వియత్నాం మీద నిరసన బొమ్మలు ఆ రోజుల్లో చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పావురాలు, కొవ్వొత్తులు, ఏడుస్తున్న తల్లులు. అవి చూసేవారికి ఓదార్పునిస్తాయి. ఈ చిత్రం ఆ ఓదార్పును ఎవరికీ ఇవ్వదు, ఇది గొప్ప చిత్రం కావడానికి కారణం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

విషయం అంత భయంకరమైనప్పుడు రంగులు అంత తియ్యగా ఎందుకు?

జాతరలో పీచుమిఠాయి రంగు పిల్లవాడి చెయ్యి పట్టుకుని లాగినట్టు ఆ రంగులు మనల్ని లాగుతాయి. బూడిద రంగులో, నలుపులో వేసిన దుఃఖాన్ని చూడగానే ఇది బాధ గురించి అని తెలిసిపోతుంది, మనసు తలుపు వేసుకుంటుంది. సాల్ మనకు ఆ వ్యవధి ఇవ్వరు. నవ్వు ముందు వస్తుంది, దేనికి నవ్వామో తరువాత తెలుస్తుంది.

ఇందులో పనితనం కూడా ఉంది. దాన్ని పట్టించుకోకుండా విషయం గురించే మాట్లాడటం ఆయనకు చేసే అన్యాయం. దగ్గరగా తీసిన ఫొటోల్లో చూడండి: ముక్కు, బుగ్గ, పిడికిలి, ఏది చూసినా చిన్న చిన్న కుంచె తాకిళ్లతో వెలుగు నుంచి నీడకు ఓపికగా నడిపించి గుండ్రంగా తేల్చినవే. తొందరపడి వేసిన చోటు కనిపించదు. కోపాన్ని అంత నెమ్మదిగా, అంత శ్రద్ధగా వేయగలగడం అరుదైన విషయం.

స్త్రీలను, నల్లజాతివారిని, ఆసియావారిని అలా వికారంగా గీయడం వారిని మళ్లీ అవమానించడం కాదా?

ఇది అడగాల్సిన ప్రశ్న. అడిగినవారిని కళ తెలియనివారిగా తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం.

సాల్ తరఫున చెప్పగలిగింది ఇది. ఆయన బొమ్మల్లో ఎవరికీ అందమైన ముఖం లేదు. సైనికుడు, అధ్యక్షుడు, న్యాయమూర్తి, బాధితుడు అందరూ ఒకే రబ్బరుతో చేసినట్టుంటారు. 'సైగాన్'లోని స్త్రీల పసుపుపచ్చని చర్మం, ఏటవాలు కళ్లు ఆ కాలపు అమెరికా కుర్రాడి తలలో అప్పటికే ఉన్న బొమ్మలు. కామిక్కులు, యుద్ధకాలపు పోస్టర్లు వాటిని అక్కడ ముద్రించాయి. వేరే మనిషిని అలా చూడటం నేర్పిన తరువాతే అలా హింసించమని పంపగలరు. సాల్ ఆ చూపును దాచకుండా చిత్రంలోకి ఎక్కించారు.

ఈ వాదన నాకు చాలావరకు ఒప్పుదలే. కానీ పూర్తిగా కాదు. అంత పెద్ద చిత్రంలో ఒక్క వియత్నాం స్త్రీకి కూడా తనదంటూ ఒక ముఖం దక్కలేదు. ఆమె ఎవరో, ఏమనుకుంటోందో తెలుసుకోవాలన్న కోరిక ఆ క్యాన్వాసులో ఎక్కడా లేదు. చిత్రకారుడి కోపమంతా తన దేశం మీద, తన జాతి మగవాళ్ల మీద. ఆ కోపంలో ఆమె మళ్లీ ఒక వస్తువైంది. నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ 1972లో కోర్టులో నిర్దోషిగా బయటపడ్డారు. మరుసటి ఏడాది సాల్ ఆమెను శిలువ మీద వేశారు. అధికారం ఆమెను ఎలా వేటాడిందో చెప్పడానికే వేశారని తెలుసు. అయినా ఆ బొమ్మ ముందు నిలబడే నల్లజాతి స్త్రీకి ఏమనిపిస్తుందన్న ప్రశ్న నన్ను వదలదు. ఇది ఆయన పనిలో నిజమైన లోటని నా అభిప్రాయం. లోటు ఉన్నా ఆ చిత్రాలు గొప్పవనీ నా అభిప్రాయమే. రెండూ ఒకేసారి చెప్పడానికి ఇబ్బంది పడనక్కర్లేదు.

ఉత్తరాంధ్రవాళ్లకు ఇది తేలిగ్గా అర్థం కావాలి. మన యాసను సినిమాల్లో పనివాళ్ల పాత్రలకు, వెకిలి పాత్రలకు అంటగట్టి నవ్వించడం ఎన్ని దశాబ్దాలుగా చూస్తున్నాం! అక్కడ నవ్వు పేదవాడి మీద, ఇక్కడ ఎవరి మీద అని విడమరచి చూడాలి. వ్యంగ్యచిత్రం ముందు నేను వేసుకునే మొదటి ప్రశ్న ఇదే: ఈ నవ్వు ఎవరి మీద పడి ఆగుతోంది?

పత్రికల్లో వేసే కార్టూనిస్టులకూ ఈయనకూ తేడా ఏమిటి?

పత్రికా కార్టూన్ ఆ రోజు వార్త తెలిసిన పాఠకుడి కోసం, కొద్ది గంటల్లో, అరచేతిలో పట్టేంత చోటులో వేయాలి. ఒక్క మాట చెప్పాలి, అది వెంటనే తగలాలి. తలిశెట్టి రామారావు తెలుగులో ఆ దారి వేశారు. బాపు గీతకు అందం నేర్పారు. మోహన్ ఆ గీతకు కత్తి పదును పెట్టారు. ఆర్.కె. లక్ష్మణ్ గళ్లకోటు సామాన్యుడు దశాబ్దాలపాటు నోరు విప్పకుండానే దేశాన్ని నిలదీశాడు. అదొక మహావిద్య, చిత్రకళ కంటే ఒక మెట్టు కింద అని అనుకునేవారితో నేను ఏకీభవించను.

సాల్ చిత్రానికి ఆ రోజు, ఆ వార్త అక్కర్లేదు. 1983లో అమెరికా గ్రెనడా అనే చిన్న ద్వీపం మీద సైన్యాన్ని దింపింది. మరుసటి ఏడాది ఆయన అప్పటి అధ్యక్షుడు రీగన్‌ను గ్రెనడాలో నిలబెట్టి బొమ్మ వేశారు. ఇవాళ గ్రెనడా ఎక్కడుందో తెలియని విద్యార్థి కూడా ఆ బొమ్మలో కండలు తిరిగిన అధికారాన్ని గుర్తుపడతాడు. మరో తేడా, కార్టూనిస్టు తన పక్షం ఏదో చెబుతాడు. సాల్ చెప్పరు. బొమ్మలో మంచివాడు ఉండడు, మనం వెళ్లి ఎవరి పక్కన నిలబడాలో సూచన ఉండదు.

ఆయన ఏ పార్టీ మనిషి?

రీగన్‌ను, చిన్న బుష్‌ను, ట్రంప్‌ను వేశారు కాబట్టి అలా అడుగుతారు. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు 2004లో బయటపడితే 2006లో ఆ జైల్లో నవ్వుతున్న బుష్‌ను వేశారు. కొలంబస్ అమెరికా చేరి అయిదు వందల ఏళ్లయిన 1992లో దేశం ఉత్సవాలకు సిద్ధమవుతుంటే కొలంబస్ బొమ్మ మొదలుపెట్టారు. కానీ ఆయనకు పార్టీ కంటే బొమ్మ ముఖ్యం. మంచి ఆలోచనలున్న వీక్షకుడు తల ఊపుతూ ముందుకు వెళ్లిపోవడం ఆయన సహించరు.

ఇలాంటి పని మన దగ్గర ఎవరైనా చేశారా?

చాలామంది చేశారు, ఆయన పుట్టకముందే చేశారు. ఈ సంగతి మన విద్యార్థులకు సరిగా చెప్పకపోవడం నన్ను బాధిస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర పటచిత్రకారులు యాత్రికులకు చవకగా బొమ్మలు అమ్మేవారు. దేవతల బొమ్మలతో పాటు కుచ్చిళ్ల పంచె, నున్నగా దువ్విన క్రాపుతో సోకు చేసుకున్న బాబులు, మొగుణ్ణి చీపురుతో కొట్టే పెళ్లాలు, నుదుట నామం పెట్టుకుని నోట్లో చేప కరచుకున్న పిల్లి రూపంలో దొంగ భక్తులు ఉండేవారు. 1873లో తారకేశ్వర్ మఠం మహంతు, ఎలోకేశి అనే యువతి, ఆమెను చంపిన భర్త నవీన్‌ల వ్యవహారం బెంగాల్‌ను కుదిపేసింది. కాళీఘాట్ చిత్రకారులు ఆ కథను ఘట్టాలుగా విడగొట్టి వరుసగా వేశారు. నాలుగు వంపుల గీత, ఉబ్బిన బుగ్గలు, రంగుతో తేల్చిన గుండ్రదనం. సాల్ బొమ్మలు చూసిన కంటితో వాటిని చూడండి, ఎంత దగ్గరో తెలుస్తుంది. చవక అచ్చుబొమ్మలు వచ్చాక వారి బతుకుతెరువు పోయింది.

ఆ తరువాత గగనేంద్రనాథ్ టాగూర్ 1917లో, 1921లో వ్యంగ్యచిత్రాల సంపుటాలు వేశారు. దొరలను అనుకరించే బెంగాలీలను, కులగర్వాన్ని, చదువును మరబట్టే విశ్వవిద్యాలయాన్ని ఆయన వదల్లేదు. సాల్ పుట్టిన 1934లోనే పుట్టిన భూపేన్ ఖఖర్ బరోడాలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేశారు. దుకాణాల బోర్డులు, క్యాలెండర్ల పోకడలో మధ్యతరగతి మగవాడి ఒంటరితనాన్ని చూపించారు. ఖఖర్‌లో కరుణ ఎక్కువ. సాల్‌కు లేనిది అదే.

తెలుగునాట చూడాలంటే తోలుబొమ్మల తెర దగ్గరకు వెళ్లాలి. రామాయణం నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు మధ్యలో దూరుతారు. రాముడి బొమ్మకున్న పొందిక వాటికుండదు. బానపొట్ట, వంకర ముక్కు, ఎగిరిపడే కాళ్లుచేతులు, పచ్చి మాటలు. ఊరి పెద్ద చేసే దగా నుంచి మొగుడూపెళ్లాల తగాదా వరకు అన్నీ వాళ్ల నోట వస్తాయి. వికారమైన బొమ్మకు మాత్రమే అలా మాట్లాడే హక్కు ఉంటుందని మన పూర్వీకులకు బాగా తెలుసు.

రచనలో చెప్పాలంటే విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి ఉన్నారు. మద్యనిషేధపు చట్టం పేదల మెడకు ఎలా చుట్టుకుందో, కోర్టు ఆవరణలో న్యాయం ఏ ధరకు దొరుకుతుందో ఆయన నవ్విస్తూ చెప్పారు. ఆయన పోలీసులు, ప్లీడర్లు, దళారులు కార్టూన్లలాగే మొదలవుతారు. నాలుగు పుటలు తిరిగేసరికి మన గొంతు పట్టుకుంటారు.

సాల్ నచ్చితే ఇంకా ఎవరిని చూడాలి?

ఇద్దరు చాలు, ముందుగా. ఫిలిప్ గస్టన్ 1950లలో నైరూప్య చిత్రకారుడిగా పెద్ద పేరు తెచ్చుకుని, 1970 అక్టోబరులో న్యూయార్క్ ప్రదర్శనలో ఒక్కసారిగా కార్టూన్ బొమ్మలతో ముందుకొచ్చారు. తెల్లముసుగుల కూ క్లక్స్ క్లాన్ (నల్లజాతివారిపై దాడులు చేసే తెల్లజాతి ముఠా) మనుషులు కార్లలో షికార్లు చేస్తుంటారు, చుట్టలు కాలుస్తుంటారు. 1969 నాటి 'ద స్టూడియో'లో ముసుగు మనిషి తన బొమ్మ తానే వేసుకుంటున్నాడు. చిత్రకారుడు తనను తాను ఆ ముసుగులో పెట్టుకున్నాడు. విమర్శకులు విరుచుకుపడ్డారు. యాభై ఏళ్ల తరువాత, 2020లో నాలుగు పెద్ద మ్యూజియాలు ఆ ముసుగు బొమ్మలకు భయపడి ఆయన ప్రదర్శనను వాయిదా వేశాయి. కళాకారులు పెద్ద ఎత్తున నిరసించారు, ప్రదర్శన 2022లో బోస్టన్‌లో మొదలైంది. వాయిదా తప్పని నేననుకుంటాను. సందర్భం వివరించి చూపించాలి గాని తాళం వేయకూడదు.

రెండోవారు రాబర్ట్ కోల్‌స్కాట్, నల్లజాతి చిత్రకారుడు. వాషింగ్టన్ సేనాని మంచునదిని దాటే 1851 నాటి చిత్రం (చిత్రకారుడు లాయిట్సె) అమెరికా బడిపిల్లలందరికీ తెలుసు. 1975లో కోల్‌స్కాట్ ఆ పడవలో నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్‌ను నిలబెట్టారు. చుట్టూ తెల్లవాళ్లు సరదా కోసం సృష్టించుకున్న నల్లవాళ్ల వెక్కిరింపు బొమ్మలను కూర్చోబెట్టారు. ఆ చిత్రం 2021లో వేలంలో కోటీ యాభై మూడు లక్షల డాలర్లు పలికింది. అదే లాయిట్సె చిత్రాన్ని సాల్ కూడా తన పద్ధతిలో మార్చి వేశారు. రెండూ పక్కన పెట్టి చూస్తే, గాయపడినవాడు నవ్వే నవ్వుకూ బయటి నుంచి నవ్వే నవ్వుకూ తేడా కనిపిస్తుంది.

ఆయన అసలు చిత్రాలు విశాఖలో చూడగలమా?

లేదు. పుస్తకాల్లో, ఫోన్లలో, ప్రొజెక్టరు మీద చూడాల్సిందే. దానివల్ల రెండు నష్టాలున్నాయి. ఒకటి పరిమాణం. పన్నెండు అడుగుల చిత్రం ముందు మనిషి చిన్నవాడైపోతాడు. ఫోన్లో అదే చిత్రం మన బొటనవేలి కింద ఉంటుంది. విద్యార్థులకు నేను చెప్పేది: గోడ మీద సుద్దతో ఎనిమిదికి పన్నెండు అడుగుల గడి గీసి దాని ముందు నిలబడండి, తరువాత ఫోను తీయండి.

రెండోది రంగు. 1960లలో ఆయన ఫ్లోరసెంట్ రంగులు కూడా వాడారు. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని కనిపించే కాంతిగా బయటికి వదులుతాయి. అందుకే మామూలు రంగు కంటే ఎక్కువ వెలుగుతున్నట్టుంటాయి. నాలుగు రంగుల అచ్చుకు ఆ వెలుగు అందదు, ఫోను తెర కూడా సరిగా చూపించలేదు. పైగా ఎక్కువ వెలుతురులో ఉంచితే అవి త్వరగా వెలిసిపోతాయి. ఎండ, ఉప్పుగాలి రెండూ ఉన్న మన ఊళ్లో ఎవరైనా వాటితో ప్రయోగం చేస్తే కిటికీ ఎదురుగా మాత్రం వేలాడదీయకండి.

ఈ పద్ధతిలో మన ఊరి గురించి బొమ్మ వేస్తే ఇబ్బందులు వస్తాయా?

రావచ్చు. అయినా వేయాలి. బీచ్ రోడ్డు వెంట, వంతెనల కింద గోడల మీద అలలు, పడవలు, థింసా నృత్యం చూసి సంతోషిస్తాం. ఈ ఊరికి మరో ముఖం కూడా ఉంది. జ్ఞానాపురం వైపు ఇళ్లలో కిటికీ ఊచల మీద చేరే బొగ్గు దుమ్ము ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరిన్ వాయువు పన్నెండు మంది ప్రాణాలు తీసింది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం కాల్పుల్లో ముప్పై రెండు మంది చనిపోయారు, అదే కర్మాగారాన్ని అమ్మే నిర్ణయం 2021లో వచ్చింది. ఇవన్నీ సంతాప చిత్రాలుగా వచ్చాయి, రావాలి కూడా. కానీ వీటి వెనుక ఉన్న అత్యాశను, సంతకాలు పెట్టిన చేతులను ఒక పెద్ద క్యాన్వాసు మీద ఉబ్బిన వేళ్లతో, మెరిసే రంగులతో వేసినవారి కోసం నేను ఎదురుచూస్తున్నాను. చనిపోయినవారి శరీరాలను మాత్రం కార్టూన్ చేయకండి. సాల్ దగ్గర మనం నేర్చుకోకూడనిది అదే.

చట్టం సంగతి తెలుసుకుని ఉండాలి. మతభావాలను ఉద్దేశపూర్వకంగా దెబ్బతీయడం భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను కింద నేరం. పాత శిక్షాస్మృతిలో అది 295ఎ. అశ్లీలతకు 294వ సెక్షను ఉంది. 2008లో ఢిల్లీ హైకోర్టు చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ మీద ఉన్న కేసులను కొట్టేసి కళాకారుడి స్వేచ్ఛను గట్టిగా నిలబెట్టింది. అయినా ఆయన దేశానికి తిరిగి రాలేకపోయారు, 2011లో లండన్‌లో కన్నుమూశారు. తీర్పు గెలవడం వేరు, నిర్భయంగా ఇంట్లో ఉండగలగడం వేరు. కాబట్టి ప్రదర్శనకు ముందు నలుగురికి చూపించండి, తెలిసిన న్యాయవాదితో మాట్లాడండి, బొమ్మ పక్కన మీ ఉద్దేశం స్పష్టమైన తెలుగులో రాసి పెట్టండి. భయం వల్ల బొమ్మను మెత్తబరచడం కంటే ఈ జాగ్రత్తలు మేలు.

పిల్లలకు చూపించవచ్చా?

ఫ్రిజ్‌ల బొమ్మలు, మెట్లు దిగే డోనాల్డ్ డక్ హైస్కూలు పిల్లలకు చూపించవచ్చు, వాళ్లకు బాగా నచ్చుతాయి. 'సైగాన్', శిలువ బొమ్మలు వద్దు. కాలేజీ విద్యార్థులకు కూడా ముందుగా హెచ్చరించి, బయటికి వెళ్లాలనుకునేవారిని వెళ్లనిచ్చి చూపించాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

1960ల ఆరంభపు ఫ్రిజ్‌ల దగ్గర. ఒక్కో వస్తువు పేరు పైకి చెబుతూ చూడండి, చూపు నెమ్మదిస్తుంది. తరువాత 1969 నాటి 'ద గవర్నమెంట్ ఆఫ్ కాలిఫోర్నియా'. అప్పటికి రీగన్ ఆ రాష్ట్ర గవర్నరు, అధ్యక్షుడిగా ఎన్నిక కావడానికి ఇంకా పదకొండేళ్లుంది. సాల్ ఆయన్ను అప్పుడే పట్టుకున్నారు. ఆ తరువాతే 'సైగాన్'. దాని ముందు కనీసం పది నిమిషాలు కూర్చోండి, మధ్యలో ఫోను చూడకండి. చివరగా 2017లో, ఎనభై దాటిన వయసులో వేసిన ట్రంప్ బొమ్మలు. యాభై ఏళ్ల క్రితపు గీత పక్కన ఆ గీతను పెట్టి చూసి, చెయ్యి ఎక్కడైనా వణికిందేమో వెతకండి. నాకైతే ఎక్కడా కనిపించలేదు.